ఇంట తేల్చి రచ్చకెక్కండి

తెలుగు వికీపీడియాలో (తెవికీలో) నలుగురూ కూర్చుని మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత అక్కడ అక్షరాలా సరిపోతుంది. వ్యాసానికుండే చర్చా పేజీ ఇల్లు, రచ్చబండ రచ్చ. బాగా ముదిరిన తగువేదైనా తీసుకుని పేజీ చరిత్ర తిరగేయండి. చర్చా పేజీ ఖాళీగా ఉంటుంది. లేదా "దయచేసి నా మార్పులను తొలగించవద్దు" అన్న ఒక్క ముక్క ఉంటుంది. అసలు మాటలన్నీ దిద్దుబాటు సారాంశాల్లోనూ (మార్పు చేసినప్పుడు కారణం రాసే చిన్న పెట్టెల్లోనూ) వాట్సాప్‌లోనూ జరిగిపోయి ఉంటాయి. మూడో మనిషి వచ్చి సర్దుదామనుకున్నా, దేని గురించి పోట్లాడుకున్నారో తెలుసుకోవడానికే అరపూట పడుతుంది.

వికీలో తగువు ఇద్దరు మనుషుల మధ్య ఉన్నంతసేపూ తెగదు. దాన్ని ఒక వాక్యం గురించిన ప్రశ్నగా మార్చాలి. దొరికిన జవాబును రేపు వచ్చేవాళ్ళ కంటపడే చోట రాసి పెట్టాలి. ఈ రెండు పనులూ ఎలా చెయ్యాలో, ఎక్కడెక్కడ చెడతాయో చెబుతాను.

మొదటి రద్దు దగ్గరే సగం ఉంది

ముందు, తగువు కానిదాన్ని పక్కన పెట్టండి. పేజీ తుడిచేసి బూతులు రాసిపోవడం దుశ్చర్య. దానికి చర్చ అక్కర్లేదు, ఒక్క నొక్కుతో పాత రూపానికి తిప్పేసే రోల్‌బ్యాక్ చేసి హెచ్చరిక పెడితే చాలు. బతికున్న మనిషి మీద ఆధారం లేని ఆరోపణ కనిపిస్తే కూడా ముందు తీసెయ్యాలి, మాటలు తరవాత. మిగతావేవీ దుశ్చర్యలు కావు. తప్పు తేదీ, అభిమాన నటుడి మీద పొగడ్త, సొంత ఊరి గొప్పలు, మనకు నచ్చని పేరు, ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేసిన మార్పులే అనుకుని మొదలుపెట్టాలి. వీటి మీద రోల్‌బ్యాక్ మీట వాడకూడదు. ఎందుకంటే అది నొక్కితే కారణం రాసే పెట్టె రాదు. గంట కూర్చుని టైపు చేసినవాడికి, తన రాత మాటా పలుకూ లేకుండా మాయమైతే ఒళ్ళు మండుతుంది. 'దిద్దుబాటు రద్దుచెయ్యి' నొక్కి సారాంశంలో కారణం రాయండి. ఇంకా మంచిదేమిటంటే, మొత్తం రద్దు చెయ్యకుండా పనికొచ్చే భాగం ఉంచి, పేచీ ఉన్న వాక్యాన్ని మాత్రమే తీయడం, లేదా దాని పక్కన ఆధారం చూపమనే మూస (తయారుగా ఉండే చిన్న చీటీ) పెట్టడం.

సారాంశాల సంగతి వచ్చింది కాబట్టి ఒక పాత ముచ్చట. 2018 దాకా సారాంశం పెట్టెలో 255 బైట్లే పట్టేవి. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటు, తెలుగులో మూడు. అంటే మనకు దక్కేవి 85 గుర్తులు. గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కలోకొస్తాయి కాబట్టి పది మాటలు దాటేది కాదు. "ఆధారం లేదు" అని పొడిపొడిగా రాసే అలవాటు మనవాళ్ళకు ఆ రోజుల్లోనే పడిందేమో. ఇప్పుడు ఏ భాషకైనా 500 గుర్తులు. "1931కి మూలం ఉంది, 1929కి లేదు, చర్చా పేజీ చూడండి" అని రాయడానికి చోటు పుష్కలం. అంతకు మించి వాదన మాత్రం సారాంశంలో పెట్టొద్దు. సారాంశానికి జవాబివ్వాలంటే ఇంకో దిద్దుబాటు చెయ్యాలి, ఆ దిద్దుబాటే ఇంకో రద్దవుతుంది.

ఇంగ్లీషు వికీలో ఒక పేజీలో 24 గంటల్లో మూడుకు మించి రద్దులు చెయ్యరాదని నియమం. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు తిప్పితేనే కాదు, ఆ పేజీలో వేరువేరు చోట్ల ఇతరుల పనిని పూర్తిగానో కొంతగానో తిప్పినా లెక్కకొస్తుంది. మధ్యలో ఇంకెవరూ రాకుండా వరసగా చేసినవి మాత్రం ఒకటిగా లెక్క. "నేను మూడే చేశాను కదా" అంటే చెల్లదు, ఎందుకంటే మూడు అనేది హక్కు కాదు, కంచె. చిన్న వికీల్లో అయితే ఈ కంచెకు అసలు జబ్బు చిక్కదు. ఇక్కడి యుద్ధం నెమ్మదిగా సాగుతుంది. వారానికో రద్దు, నెలకో రద్దు, అలా ఏడాది. 24 గంటల లెక్కలో ఎవరూ పడరు. అందుకే ఒకసారి రద్దు చేశాక, అదే మార్పు మళ్ళీ వస్తే రెండో రద్దు చెయ్యకుండా చర్చా పేజీకి వెళ్ళిపోవాలి. చొరవ తీసుకుని మార్చడం, నచ్చనివాళ్ళు ఒకసారి తిప్పడం, ఆ తరవాత మాట్లాడుకోవడం: వరస ఇంతే. వాళ్ళు మళ్ళీ పెట్టిన తప్పు వారంపాటు పేజీలో ఉంటే ఉంటుంది. కొంపలు మునగవు.

చర్చా పేజీలో రాసే మొదటి ఆరు వాక్యాలు

మచ్చుకు ఇలా ఉండొచ్చు:

"'బాల్యం' విభాగంలో పుట్టిన సంవత్సరం 1931 అని ఉండేది. మొన్నటి మార్పులో (లింకు ఇస్తున్నాను) 1929 అయింది. 1931కి మూలంగా ఆయన సంస్మరణ సంచిక 12వ పేజీ ఉంది. 1929కి మూలం కనబడలేదు, మీ దగ్గర ఉంటే పెట్టగలరా? రెంటికీ గట్టి మూలాలుంటే రెండూ రాసి తేడాను గమనికలో చెబుదాం. వచ్చే ఆదివారం దాకా చూసి 1931ని తిరిగి పెడతాను."

ఇందులో మనిషి ఊసు లేదు. ఏ వాక్యమో ఉంది, ఏ మార్పో లింకుతో ఉంది, నా ఆధారమేమిటో ఉంది, ఎదుటివారు తలవంచుకోకుండా బయటపడే దారి ఉంది, గడువుంది. గడువు లేకపోతే చర్చ గాల్లో వేలాడుతుంది, ఆర్నెల్ల తరవాత ఎవరో మళ్ళీ రద్దు మొదలుపెడతారు. ఇంగ్లీషు వికీలో ఒకటి రెండు రోజులు చాలేమో గాని, తెవికీలో వారం ఇవ్వడం న్యాయం. ఇక్కడ రాసేవాళ్ళు చాలామంది ఆదివారం దిద్దుబాటుదారులే. గడువు దాటాక మౌనం అర్ధాంగీకారమే, కానీ మెతక రకం. తరవాత ఎవరైనా నోరు విప్పితే మళ్ళీ మాట్లాడాల్సిందే.

ఎదుటివారిని పిలిచేటప్పుడు ఒక సాంకేతికమైన మెలిక ఉంది. పేరును లింకుగా ఇచ్చి, అదే దిద్దుబాటులో నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం చేస్తేనే వాళ్ళకు గంట మోగుతుంది. సంతకం మరిచిపోయి తరవాత విడిగా చేర్చినా, పేరులో తప్పు పడితే తరవాత దిద్దినా గంట మోగదు. "పిలిచినా పలకలేదు, పొగరు" అన్న నిందల్లో కొన్ని ఈ సంతకం దగ్గర పుట్టినవే. జవాబు పరికరం వాడితే సంతకం దానంతటదే పడుతుంది. అనుమానంగా ఉంటే వాళ్ళ వాడుకరి చర్చ పేజీలో ఒక్క ముక్క రాసి లింకు ఇవ్వండి, అది తప్పకుండా చేరుతుంది. అక్కడ వాదన మాత్రం మొదలుపెట్టొద్దు. వాదన వ్యాసం దగ్గరే ఉండాలి, లేకపోతే మూడో మనిషికి దొరకదు.

మర్యాద గురించి ఒక్క మాట. వ్యాసాల్లో తెవికీ శైలి ప్రకారం ఎంత పెద్దవాళ్ళనైనా ఏకవచనంలోనే రాస్తారు, 'గారు' తగిలించరు. చర్చా పేజీల్లో మాత్రం ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి కూడా గారూ అంటారు. కొత్తవాళ్ళకు ఈ తేడా చెప్పకపోతే, తాము ప్రేమతో చేర్చిన 'గారు'లన్నీ ఎవరో పీకేశారని, ఫలానా మహానుభావుణ్ణి అవమానించారని తగువుకొస్తారు. శైలి పేజీ లింకుతో పాటు, ఇది ఆ ఒక్కరి విషయంలో కాదు, అందరికీ ఒకటే పద్ధతి అని చెబితే తొంభై పాళ్ళు అక్కడే చల్లారుతుంది.

మూలాల మీద తగువులు

సంవత్సరం, సంఖ్య, వసూళ్ళు, ఇలాంటి నిజానిజాల తగువుల్లో తర్కం పనిచెయ్యదు. మూలాలను పక్కపక్కన పెట్టడమే పని. చర్చా పేజీలో చిన్న పట్టిక వేసి, ఏ మూలం, ఎప్పటిది, ఎవరు రాసినది, సరిగ్గా ఏ వాక్యం చెబుతోంది అని నాలుగు గడులు నింపితే చాలాసార్లు తేలిపోతుంది. ఉన్నదున్నట్టు వాక్యాన్ని ఎత్తి రాయడం ముఖ్యం. పుస్తకం పేరు చెప్పి ఊరుకుంటే కాదు, పేజీ నంబరు కావాలి. పత్రికైతే తేదీ, ఏ ఊరి సంచిక, ఏ పేజీ అన్నీ కావాలి. తెలుగు దినపత్రికల లింకులు కొన్నాళ్ళకే చచ్చిపోతుంటాయి. మూలం చేర్చిన రోజే, వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి ఆ లింకు కూడా ఇస్తే, రెండేళ్ళ తరవాత "ఈ మూలం తెరుచుకోవట్లేదు, కాబట్టి తీసేశాను" అన్న తగువు పుట్టదు.

అందరూ పడే గొయ్యి ఒకటుంది. వికీలో ఎవరో ఆధారం లేకుండా 1929 అని రాస్తారు. ఏదో వెబ్‌సైటు దాన్ని నకలు కొడుతుంది. ఏడాది తరవాత ఇంకొకరు ఆ వెబ్‌సైటునే వికీలో మూలంగా చూపిస్తారు. పాము తన తోకను తానే మింగినట్టు. కనిపెట్టడం కష్టం కాదు. పేజీ చరిత్రలో ఆ సంఖ్య మొదటిసారి ఎప్పుడు చేరిందో వెతికి, ఆ తేదీని వెబ్‌సైటు వ్యాసం తేదీతో పోల్చండి. వెబ్‌సైటుది తరవాతి తేదీ అయి, వాక్యాలు మన వ్యాసాన్నే పోలి ఉంటే, అది మూలం కాదు, అద్దం.

రెండు గట్టి మూలాలు రెండు మాటలు చెబితే తీర్పు చెప్పే పని మనది కాదు. ఎవరు ఏమన్నారో చెబితే చాలు. సినిమా వసూళ్ళ దగ్గర ఇది రోజూ అవసరమవుతుంది. నిర్మాతల పోస్టరు ఒక అంకె చెబుతుంది, వ్యాపార పత్రిక ఇంకొకటి. గ్రాస్ అని ఒకరు, షేర్ అని ఒకరు. ప్రపంచవ్యాప్తంగా అని ఒకరు, తెలుగు రాష్ట్రాలు మాత్రమే అని ఒకరు. ముందు అంకెలు రెండూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూడాలి. ఉన్నా కలవకపోతే "ఫలానా పత్రిక అంచనా ఇంత, నిర్మాణ సంస్థ ప్రకటించినది ఇంత" అని పేరు పెట్టి రాయాలి. అభిమానులు పోరేది వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలోని ఒక్క గడి కోసమే. అక్కడ ఒక్క అంకే పెట్టాలన్న రూలు లేదు. 'ఇంత నుంచి ఇంత' అని పెట్టొచ్చు, లేదా ఆ గడి ఖాళీగా ఉంచి సంగతంతా వ్యాసంలో వివరంగా రాయొచ్చు. గడి ఖాళీ చేశాక పోరు తగ్గుతుంది. ఎగరేయడానికి జెండాకర్ర ఉండదు మరి.

కులం దగ్గర పట్టికలు కూడా సరిపోవు. ఇంగ్లీషు వికీ ఈ తగువులతో విసిగి కొన్ని గీతలు గీసుకుంది. బతికున్న మనిషి కులం రాయాలంటే ఆ మనిషి స్వయంగా చెప్పుకుని ఉండాలి, ఇంటిపేరు చూసి ఊహించకూడదు. బ్రిటిషు పాలనలో అధికారులు రాసిన కులాల సర్వే గ్రంథాలను మూలంగా తీసుకోరు. ఆ అంశాల మీద నిర్వాహకులకు (పేజీలకు తాళం వెయ్యగల, వాడుకరులను ఆపగల సభ్యులకు) మామూలు కంటే కఠినమైన అధికారాలుంటాయి. తెవికీకి ఇవి వాటంతటవే వర్తించవు, ఏ వికీ నియమాలు ఆ వికీవే. కానీ ఆ గీతల వెనక ఉన్న కారణం మనకూ వర్తిస్తుందని చర్చలో చెప్పొచ్చు. "ఇంగ్లీషులో ఇలాగే ఉంది" అన్నది మాత్రం ఎప్పటికీ వాదన కాదు.

పేర్ల తగువు: ఒక రేవు పట్టణం నేర్పిన లెక్క

నిజానికి వికీపీడియాల్లో జనం ప్రాణం పెట్టి పోరాడేది పేర్ల మీదే. ఇంగ్లీషు వికీలో పెరుగు వ్యాసం పేరులో ఒక 'హెచ్' ఉండాలా వద్దా అని 2003 నుంచి 2011 దాకా నడిచింది. బ్రిటిషు రూపమా, అమెరికా రూపమా అన్నదే పేచీ. చివరికి హెచ్ పోయింది. తోడేసిన పెరుగు తెల్లారేసరికి తోడుకుంటుంది, ఈ వ్యాసం పేరుకు ఎనిమిదేళ్ళు పట్టింది.

దానికంటే మనకు పనికొచ్చేది గ్దాన్స్క్ కథ. బాల్టిక్ తీరంలోని ఈ పోలండు రేవును జర్మన్లు డాంజిగ్ అంటారు. ఒకరు ఒక పేరు పెడితే ఇంకొకరు తిప్పడం, వందల వ్యాసాల్లో. 2005లో ఇంగ్లీషు వికీ సముదాయం ఓటు పెట్టింది. అందులో గొప్పతనమంతా ప్రశ్న అడిగిన తీరులో ఉంది. "ఏది సరైన పేరు?" అని అడగలేదు. కాలాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఏ పేరు వాడాలని అడిగారు. 1308కి ముందు గ్దాన్స్క్, 1308 నుంచి 1945 దాకా డాంజిగ్, ఆ తరవాత గ్దాన్స్క్ అని తేలింది. మొదటిసారి ప్రస్తావించే చోట రెండో పేరు బ్రాకెట్లో ఇవ్వాలన్నారు. దాన్ని మీరి పేర్లు మార్చేవాళ్ళను తిప్పడానికి మూడు రద్దుల నియమం అడ్డురాదని కూడా తేల్చారు. అంతకుముందు ఊరి మీద హక్కు ఎవరిదన్నట్టు ఉన్న గొడవ, తేదీ చూసి పేరు వేసే గుమాస్తా పనిగా మారింది.

తెలుగు వ్యాసాల్లో దీనికి అచ్చమైన జోడీ 'జన్మస్థలం' గడి. 1932లో నల్గొండలో పుట్టిన కవి ఏ రాష్ట్రంలో పుట్టినట్టు? ఒకరు తెలంగాణ అంటారు, ఒకరు ఆంధ్రప్రదేశ్ అంటారు. ఇద్దరివీ తప్పే, ఆనాటికి అది హైదరాబాద్ రాజ్యం. అదే ఏడు గుంటూరులో పుడితే మద్రాసు ప్రెసిడెన్సీ. 1954లో కర్నూలులో పుడితే ఆంధ్ర రాష్ట్రం, అది 1953 అక్టోబరు 1న ఏర్పడింది. 1956 నవంబరు 1 నుంచి 2014 జూన్ 2కు ముందు వరకు వరంగల్లులో పుట్టినా అనంతపురంలో పుట్టినా ఆంధ్రప్రదేశే. పుట్టిన నాటి పేరు రాసి, బ్రాకెట్లో 'ప్రస్తుతం తెలంగాణ' అని చేరిస్తే పేచీకి చోటుండదు. ఉద్వేగం ఉన్న చోట తేదీని పెట్టడం అన్నమాట. ఇందులోనూ ఉచ్చులున్నాయి. 1940లో భద్రాచలంలో పుట్టిన మనిషికి 'హైదరాబాద్ రాజ్యం' అని రాశారనుకోండి, తప్పు. ఆ ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో తూర్పు గోదావరి జిల్లాది, ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. అలాగే బళ్ళారి ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుంచి 1953లో మైసూరుకు వెళ్ళింది. ఒక సూత్రం పెట్టుకున్నా, ఊరి చరిత్ర చూడకుండా బాటుతో (తనంతట తాను దిద్దే ప్రోగ్రాముతో) వందల పేజీలు మార్చేస్తే కొత్త తగువులు మొలుస్తాయి.

ఒక్కోసారి పరిష్కారం పేరు ఎంచుకోవడంలో ఉండదు, పేచీ పెట్టే చోటునే తీసెయ్యడంలో ఉంటుంది. ఇంగ్లీషు వికీలో భారతదేశపు వ్యాసాల మొదటి పేరాలో, సమాచారపెట్టెలో తెలుగు గాని, కన్నడం గాని, ఉర్దూ గాని, ఏ భారతీయ లిపీ కనబడదు. తెలుగువాళ్ళు చాలామంది దీన్ని వివక్ష అనుకుని చేర్చి, రద్దయ్యాక బాధపడతారు. సంగతేమిటంటే, ఏ లిపి ముందుండాలి, ఎన్ని ఉండాలి అని ప్రతి వ్యాసంలో గొడవలు పడీ పడీ, అక్కడి సముదాయం అసలు లిపులే వద్దని తేల్చుకుంది. ఆ లిపుల మీదా, వాటిలో రాసే భాషల మీదా, ఆ లిపుల్లో పుట్టిన గ్రంథాల మీదా ఉన్న వ్యాసాలకు మాత్రం ఈ నిషేధం లేదు. మొరటు పరిష్కారమే. పనిచేసింది.

బయటివాళ్ళను పిలిచేటప్పుడు

ఇద్దరే ఉన్న తగువులో ఇద్దరూ చెప్పాల్సింది చెప్పేశాక, ఇంకో పది రౌండ్లు వాదించుకుంటే లాభం లేదు. మూడో మనిషి కావాలి. ఇంగ్లీషు వికీలో దీనికి మెట్లున్నాయి. ఇద్దరి మధ్య తగువైతే మూడో అభిప్రాయం అడిగే పేజీ. పెద్దదైతే అందరి అభిప్రాయాలకూ పిలుపు, దాని మూసను 30 రోజుల తరవాత బాటు తీసేస్తుంది. మధ్యవర్తులుండే నోటీసుబోర్డు ఇంకొకటి. ఒకప్పుడు మధ్యవర్తిత్వ కమిటీ కూడా ఉండేది గాని పని లేక 2018లో మూసేశారు. అన్నిటికంటే పైన 15 మంది సభ్యుల ఆర్బిట్రేషన్ కమిటీ. అది కూడా ఫలానా వ్యాసంలో ఏమి రాయాలో చెప్పదు, మనుషుల ప్రవర్తన మీదే తీర్పిస్తుంది.

చిన్న వికీకి ఇన్ని మెట్లు కట్టడం అనవసరం. పదిమంది చురుగ్గా ఉన్న చోట మూడు కమిటీలు వేస్తే ప్రతి కమిటీలోనూ ఆ పదిమందే. చర్చా పేజీ, దాని మీద రచ్చబండ, ప్రవర్తన మీద ఫిర్యాదుకు నిర్వాహకుల నోటీసుబోర్డు, ఇవి చాలు. కాకపోతే రచ్చబండకు తెచ్చే ప్రశ్న ఉతికి ఆరేసి తేవాలి.

చెడిపోయే ప్రశ్న ఇలా ఉంటుంది: "నిబంధనలను ఉల్లంఘిస్తూ కొందరు గ్రామాల పేజీల్లో చేస్తున్న అనవసర మార్పులను ఆపాలా వద్దా, జనాభా పట్టికలు ఎలా ఉండాలి?" ఇందులో తీర్పు ముందే ఉంది. రెండు ప్రశ్నలు ఒక మూటలో ఉన్నాయి. 'అవును' అన్నవాడు దేనికి అన్నాడో తెలియదు. బాగుపడే ప్రశ్న ఇలా ఉంటుంది: "గ్రామాల పేజీల్లో 2011 జనగణన పట్టికను (అ) వ్యాసంలోనే ఉంచాలి (ఆ) సమాచారపెట్టెలో మొత్తం జనాభా మాత్రం ఇవ్వాలి. ఇప్పటిదాకా జరిగిన చర్చ లింకు ఇది. రెండు వారాల తరవాత ముగిద్దాం." ప్రశ్న అడిగినవాడి అభిప్రాయం ఆ కిందనే, విడిగా సంతకం చేసి, మిగతావారితో సమానంగా. ఎవరైనా ఒకరు అభిప్రాయం చెప్పాక ప్రశ్నను మార్చకూడదు. మార్చక తప్పకపోతే పాతదాన్ని కొట్టివేత గీతతో అలాగే ఉంచి, చెప్పినవాళ్ళందరినీ మళ్ళీ పిలవాలి. ఐదారు ఎంపికలు ఇవ్వడం కూడా పొరపాటే. ఎనిమిది మంది ఆరు ముక్కలవుతారు.

చర్చ నడుస్తుండగా వాట్సాప్ గుంపులో "మనవాళ్ళు వెళ్ళి మద్దతివ్వండి" అన్నారంటే ఆ చర్చ పోయినట్టే. రచ్చబండలోనో సంబంధిత ప్రాజెక్టు పేజీలోనో "ఫలానా చోట చర్చ ఉంది" అని అందరికీ ఒకే మాటల్లో చెప్పొచ్చు. నచ్చినవాళ్ళకే చెప్పడం, ఏమనాలో చెప్పడం తప్పు. ఇక ఒకే మనిషి రెండు ఖాతాలతో వచ్చాడన్న అనుమానం ఉంటే చర్చలో కేకలు వెయ్యొద్దు. స్థానికంగా, ఖాతాల సాంకేతిక వివరాలు చూడగల చెక్‌యూజర్లు లేని వికీలకు అన్ని వికీలకూ ఉమ్మడి వేదికైన మెటా వికీలో స్టీవార్డులు (అన్ని వికీల్లోనూ అధికారాలున్న సభ్యులు) ఆ పని చేసి పెడతారు. ఆ సాంకేతిక వివరాలు 90 రోజులే నిలవుంటాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు. రాతతీరు పోలికలను మార్పుల లింకులతో చూపించాలి.

ముగింపు రాసే పని

నాకు తెలిసి తెవికీ తగువుల్లో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. పదిహేను మంది మాట్లాడతారు, మంచి మాటలు చెబుతారు, చర్చ అలా వాడిపోతుంది. ఏమి తేలిందో ఎవరూ రాయరు. ఏడాది తరవాత ఇరుపక్షాలూ అదే చర్చకు లింకిచ్చి తామే గెలిచామంటాయి.

ముగించేవారు ఆ చర్చలో పాల్గొననివారై ఉండాలి. చిన్న సముదాయంలో ప్రతి నిర్వాహకుడూ ఏదో ఒక మాట అనే ఉంటాడు. అలాంటప్పుడు చర్చ మొదట్లోనే ఒకరు "నేను అభిప్రాయం చెప్పను, ముగింపు రాస్తాను" అని పక్కన కూర్చోవడం మంచి పద్ధతి. నిర్వాహకుడే కానక్కర్లేదు. ముగింపులో అడిగిన ప్రశ్న, రెండువైపులా వచ్చిన ముఖ్యమైన కారణాలు, తేలినది, ఏ ఏ పేజీలకు వర్తిస్తుంది, ఎప్పటినుంచి, ఇవన్నీ ఆరేడు వాక్యాల్లో రావాలి. తలలు లెక్కపెట్టడం కాదు. నలుగురు "మద్దతు" అని సంతకం పెట్టి వెళ్ళినదానికంటే, ఇద్దరు మూలం చూపించి చెప్పినదానికి బరువెక్కువ. అయితే తొమ్మిది మంది ఒకవైపు కారణాలతో ఉంటే, ముగించేవారు తనకు నచ్చిన ఒక్కరి వాదన పట్టుకుని తేల్చెయ్యకూడదు. అది ముగింపు కాదు, పదకొండో అభిప్రాయం. ఏమీ తేలలేదంటే తేలలేదనే రాయాలి, గొడవకు ముందున్న రూపం నిలవాలి.

రాశాక దాన్ని కనబడేలా పెట్టాలి. మామూలు పద్ధతైతే శైలి పేజీలో ఒక వాక్యం, చర్చ లింకుతో. ఒక వ్యాసానికే సంబంధించినదైతే చర్చా పేజీ నెత్తిన ఒక పెట్టె, వ్యాసం లోపల సరిగ్గా ఆ వాక్యం పక్కన కనబడని వ్యాఖ్య: <!-- ఈ సంవత్సరం మీద చర్చ జరిగింది, మార్చే ముందు చర్చా పేజీ చూడండి -->. పాఠకుడికి ఇది కనబడదు, మూలపాఠం తెరిచి మార్చబోయేవాడికి సరిగ్గా చెయ్యి పెట్టే చోట ఎదురవుతుంది. రచ్చబండ చర్చలు పాతపడి నిల్వ పేజీల్లోకి పోతాయి, అప్పుడు లింకులు తెగుతాయి. ముగించిన రోజే శాశ్వత లింకు తీసి వాడండి.

మనిషే సమస్య అయినప్పుడు

విషయం మీద తగువునూ ప్రవర్తన మీద ఫిర్యాదునూ ఒకే చోట కలిపితే రెండూ తేలవు. ఫిర్యాదు నోటీసుబోర్డుకు పోవాలి, విశేషణాలు లేకుండా పోవాలి. "ఇతను అహంకారి" అన్నదానితో నిర్వాహకుడు చెయ్యగలిగింది సున్నా. "ఈ తేదీన ఇది, ఈ తేదీన ఇది, హెచ్చరించాక మళ్ళీ ఇది" అని నాలుగైదు మార్పుల లింకులు ఇస్తే పది నిమిషాల పని. ముప్పై లింకులు ఇస్తే ఎవరూ చదవరు.

నిర్వాహకుడి చేతిలో మొదట ఉండేది సంరక్షణ. పేజీకి మూడు రోజులో వారమో తాళం వేస్తే ఇద్దరూ చర్చకు రాక తప్పదు. తాళం పడిన క్షణంలో ఉన్న రూపం ఎప్పుడూ 'తప్పు రూపమే' అని వికీమీడియన్ల పాత హాస్యం. దాని మీద నిర్వాహకుణ్ణి తిట్టడం వృథా. ఒక్కరి వల్లే గొడవైతే పేజీకి తాళం వేసి అందరినీ శిక్షించనక్కర్లేదు, 2019లో వచ్చిన పాక్షిక నిరోధంతో ఆ ఒక్కరినీ పది పేజీల వరకు ఎంచి ఆపవచ్చు. మిగతా వికీలో పనిచేసుకుంటారు. మంచి రచయితే గాని ఒక్క అంశం దగ్గర పూనకం వస్తుందన్నవాళ్ళకు ఇది సరైన మందు. నిరోధం జరిగినదానికి శిక్ష కాదు, జరగబోయేదానికి అడ్డు. గొడవ ఆగి పది రోజులయ్యాక నిరోధిస్తే అది పగ లాగే కనబడుతుంది. తాను కూడా ఆ వ్యాసంలో రద్దులు చేసిన నిర్వాహకుడు ఈ మీటలేవీ ముట్టుకోకూడదు, ఇంకొకరిని అడగాలి.

స్థానికంగా తేలకపోతే మెటా వికీ ఉంది. వికీమీడియా బోర్డు 2020 డిసెంబరులో ఆమోదించిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళి అన్ని వికీలకూ వర్తిస్తుంది, దాని అమలు చూసే సమన్వయ కమిటీ 2024లో ఎన్నికైంది. కానీ అది "నా సంవత్సరం 1931 పోయింది" అని వెళ్ళే చోటు కాదు. వేధింపులు, బెదిరింపులు, లేదా నిర్వాహకులే ఒక గుంపై వికీని చేతిలో పెట్టుకున్నారన్నంత పెద్ద సంగతులకు. క్రొయేషియన్ వికీపీడియాలో సరిగ్గా అదే జరిగింది. కొందరు నిర్వాహకులు దాదాపు పదేళ్ళు చరిత్రను వంకరగా రాయిస్తూ, కాదన్నవాళ్ళను నిరోధిస్తూ వచ్చారు. 2021లో వికీమీడియా ఫౌండేషన్ దాని మీద నివేదికే ప్రచురించింది.

ఒకసారి ముగిసినదాన్ని మళ్ళీ తెరవడం నేరం కాదు, ఏదైనా మారి ఉంటే. కొత్త మూలం దొరకాలి, లేదా లోకంలో పరిస్థితి మారాలి. గ్రామాల పేజీలే చూడండి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ఇంకో రెండు చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. 'ఈ ఊరు ఏ జిల్లాలోది' అన్న పాత నిర్ణయాలన్నీ ఆ రోజుల్లో మళ్ళీ తెరవాల్సి వచ్చింది, తెరవడం సబబే. కానీ 2011 జనగణన పట్టికలో జిల్లా పేరును కూడా కొత్తదిగా మార్చేస్తే తప్పు. ఆ అంకెలు లెక్కించింది పాత జిల్లా కింద. వ్యాసం మొదటి వాక్యంలో కొత్త జిల్లా, పట్టిక మీద 'జనగణన నాటి జిల్లా' అని పాత పేరు.